దివాలా చట్టం, రుణ విముక్తి: రాయపూర్ ప్రాంతపు పరిశీలన

తెలుగునాట అప్పుల పాలైన వ్యాపారిని గురించి "ఐ.పి. పెట్టాడు" అనడం పరిపాటి. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే మాటలోని రెండు పొడి అక్షరాలు మన బజార్లలో తెలుగు మాటలుగానే స్థిరపడిపోయినవి. మిర్చి, పత్తి వ్యాపారుల మధ్యనూ, చీటీల నిర్వాహకుల విషయంలోనూ ఆ మాట వినని వారుండరు. రాయపూర్ బజారులో ఈ మాట వినబడదు. "దివాలా నికల్ గయా" అంటారు గాని, కోర్టుకు వెళ్లి దివాలా దరఖాస్తు ఇవ్వవచ్చుననే ఆలోచన ఇక్కడి సామాన్యునికి సాధారణంగా తోచదు. ధాన్యం పండించే రైతు సహకార సంఘం వైపు, ప్రభుత్వం వైపు చూస్తాడు. జీతగాడు ఒక వడ్డీ వ్యాపారి బాకీ తీర్చడానికి మరొక వడ్డీ వ్యాపారిని ఆశ్రయిస్తాడు.

అప్పు తీర్చలేని స్థితి రెండు చోట్లా ఒక్కటే. దాని నుండి బయటపడడానికి తట్టే తలుపులు మాత్రం వేరు. కనుక దివాలా దరఖాస్తుల సంఖ్యను బట్టి ఒక ప్రాంతపు ఆర్థిక ఆరోగ్యాన్ని నిర్ణయించడం మన దేశంలో సరికాదు. అమెరికాలో 2005వ సంవత్సరంలో 20 లక్షలకు పైగా వ్యక్తిగత దివాలా దరఖాస్తులు దాఖలైనవి. చట్టం కఠినతరం కాబోతున్నదని తెలిసి, ఆ ఏడాది అక్టోబరు లోపుగా జనం కోర్టులకు పరుగెత్తడం అందుకు ముఖ్య కారణం. అక్కడ దరఖాస్తుల సంఖ్య ఒక సూచిక. ఇక్కడ దరఖాస్తు లేకపోవడం అప్పు లేదనడానికి నిదర్శనం కాదు. దారి తెలియలేదనడానికి, లేదా దారి లేదనడానికి నిదర్శనం.

పాత మధ్య పరగణాల అనుభవం

నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబరు 1న ఏర్పడినది. స్వాతంత్ర్యానికి పూర్వం రాయపూర్ జిల్లా మధ్య పరగణాలు, బేరారు రాష్ట్రంలో భాగంగా ఉండేది. 1929 తరువాత ప్రపంచమంతటా వచ్చిన మాంద్యంలో ధాన్యం ధరలు కుప్పకూలినవి. బస్తా ధర సగానికి పడిపోతే, రూపాయలలో వ్రాసుకొన్న అప్పు బస్తాలలో రెట్టింపయినట్లే. రైతు చేసిన తప్పేమీ లేకుండానే అతని అప్పు పెరిగినది. ఆ పరిస్థితిలో మధ్య పరగణాల ప్రభుత్వం 1933లో రుణ రాజీ చట్టం తెచ్చినది. అటువంటి చట్టాలలో దేశంలో ఇదే మొదటిది. పంజాబు, బెంగాలు తదితర రాష్ట్రాలు తరువాత అదే బాట పట్టినవి.

ఆ చట్టం ప్రకారం ఏర్పడిన రాజీ బోర్డులు అప్పిచ్చిన వారిని, అప్పు తీసుకొన్న వారిని ఒకచోట కూర్చుండబెట్టి, అసలెంత, వడ్డీ ఎంత, రైతు ఏటా ఎంత కట్టగలడు అని తేల్చి వాయిదాలు నిర్ణయించేవి. కోర్టు గెలుపోటములు తేలుస్తుంది. రాజీ బోర్డు మాత్రం రైతు శక్తిని లెక్క కట్టినది. ఇందులోని సూక్ష్మం నేటికీ పనికివచ్చేదే.

అదే రాష్ట్రంలో 1937లో రుణగ్రస్తుల రక్షణ చట్టం వచ్చినది. బాకీదారుని వెంటబడి తిరగడం, ఇంటి ముందు లేదా పనిచేసే చోట కాపు కాయడం, అతని దారికి అడ్డుపడడం వంటి చేష్టలతో వసూలుకు పూనుకొనడాన్ని అది నేరంగా ప్రకటించినది. ఈ చట్టం నేటికీ ఛత్తీస్‌గఢ్‌లో అమలులో ఉన్నది. రాయపూర్, దుర్గ్, కోర్బా ప్రాంతాలలో జనం దీనిని "కర్జా ఆక్ట్" అని పిలుస్తారు. వడ్డీ వ్యాపారుల వేధింపులపై పోలీసులు నమోదు చేసే కేసులలో ఈ పేరు తరచు కనిపిస్తుంది. ఎనిమిది దశాబ్దాలు దాటిన చట్టం ఇంకా పనిచేస్తున్నదంటే అందులోని బలం కొంత, మారని వడ్డీ వ్యాపారపు తీరు కొంత కారణం.

మన తీరాంధ్రలో 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల ఉపశమన చట్టం కూడ ఆ కాలపు బిడ్డయే. 1932 అక్టోబరుకు పూర్వపు అప్పులలో, రైతు అప్పటికే అసలుకు రెండింతలు చెల్లించి ఉంటే ఆ అప్పు పూర్తిగా తీరినట్లే పరిగణించాలని అది నిర్దేశించినది.

1920 చట్టం పనిచేయు తీరు

ఐ.పి. పెట్టడం అనే మాటకు మూలం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలకు 1909 నాటి వేరొక చట్టం ఉన్నది. మిగిలిన ప్రాంతాలకు, అనగా రాయపూర్‌కూ గుంటూరుకూ, 1920 చట్టమే వర్తిస్తుంది. అప్పులు 500 రూపాయలకు తగ్గకుండా ఉన్నవాడు, లేదా డిక్రీ అమలులో అరెస్టు అయినవాడు, లేదా ఆస్తి జప్తు ఉత్తర్వుకు గురియై ఆ ఉత్తర్వు ఇంకా అమలులో ఉన్నవాడు జిల్లా కోర్టులో దరఖాస్తు చేసుకోవచ్చును. అప్పిచ్చిన వారికి కూడ దరఖాస్తు హక్కు కలదు.

కోర్టు అతనిని దివాలాదారుగా ప్రకటించిన పిమ్మట అతని ఆస్తి కోర్టుకు గాని, రిసీవరుకు గాని దఖలు పడుతుంది. అప్పులవారు కోర్టు అనుమతి లేకుండా విడిగా దావాలు వేయరాదు. కోర్టు రక్షణ ఉత్తర్వు ఇస్తే అప్పు నిమిత్తం అరెస్టు ఉండదు. నిర్ణీత గడువులో అతడు విముక్తికి దరఖాస్తు చేసుకోవాలి. ఆస్తి విలువ అప్పులలో రూపాయికి అర్ధ రూపాయి కూడ రాకపోతే, అది తన తప్పు వలన జరగలేదని అతడు చూపవలసి ఉంటుంది. చూపలేకపోతే పూర్తి విముక్తి కోర్టు ఇవ్వదు. పంట పోవడం, రోగం, అగ్నిప్రమాదం ఒక వైపు. జూదం, దుబారా మరొక వైపు. ఈ రెంటికీ భేదం చూడాలని వంద సంవత్సరాల నాటి చట్టం గుర్తించడం గమనార్హం.

మన ప్రాంతాలలో ఐ.పి. మాటకు చెడ్డపేరు రావడానికి కారణం వేరు. ఆస్తిని ముందుగానే భార్య పేర, బావమరిది పేర వ్రాసి, ఆ తరువాత కోర్టుకు వెళ్లేవారు కొందరు. చట్టం దీనికి విరుగుడు కల్పించినది. దివాలాకు ముందు రెండేళ్లలో, తగిన ప్రతిఫలం లేకుండా చేసిన ఆస్తి బదిలీలను కోర్టు రద్దు చేయవచ్చును. మూడు నెలల లోపుగా ఒక్క అప్పులవానికే పక్షపాతంతో చెల్లించినా అది చెల్లదు. తాకట్టు పొందిన బ్యాంకు తన హామీ ఆస్తిని వసూలు చేసుకొనే హక్కును దివాలా తీసివేయదు. బంగారం కుదువ పెట్టినవాడు ఐ.పి. పెట్టినంత మాత్రాన కుదువ సొమ్ము చేతికి రాదని ఖాతాదారులు గ్రహించాలి.

రైతు రుణం: మాఫీ అనే మార్గం

ఛత్తీస్‌గఢ్ మైదానం వరికి ప్రసిద్ధి. దీనిని "ధాన్యపు గిన్నె" అని పిలుస్తారు. ఇక్కడ సహకార సంఘం రైతుకు విత్తనం, ఎరువు, స్వల్పకాలిక రుణం ఇస్తుంది. కోత తరువాత మద్దతు ధరకు ధాన్యం కొనేది కూడ ఆ సంఘమే. ధాన్యం సొమ్ములో రుణపు బాకీ ముందుగా మినహాయించుకోవడం ఆనవాయితీ. అప్పు, అమ్మకం, వసూలు ఒకే గుమ్మం వద్ద జరగడం ఈ ప్రాంతపు ప్రత్యేకత. ఇది బ్యాంకరుకు బలం. రైతుకు కూడ కొంత రక్షణయే. ఎందుచేతనంటే అప్పు సంవత్సరానికొకసారి తప్పక లెక్కకు వస్తుంది.

2018 డిసెంబరు 17న పదవి స్వీకరించిన రాష్ట్ర ప్రభుత్వం అదే రోజు స్వల్పకాలిక వ్యవసాయ రుణాల మాఫీని ప్రకటించినది. 2018 నవంబరు 30 నాటికి సహకార బ్యాంకులలోనూ, గ్రామీణ బ్యాంకులోనూ ఉన్న బాకీలకు సంబంధించి 16 లక్షలకు పైగా రైతులు, 6,100 కోట్ల రూపాయలు అని ఆనాటి ప్రకటన. అంతకు పూర్వం 1990లో 10,000 రూపాయల వరకు, 2008లో దేశవ్యాప్తంగా కేంద్ర పథకం ద్వారా మాఫీలు జరిగినవి. 2008 పథకం 2 హెక్టార్ల లోపు రైతుల బకాయిని పూర్తిగా తొలగించి, ఇతరులకు మిగిలినది చెల్లించిన మీదట 25 శాతం రాయితీ ఇచ్చినది. ఆంధ్రప్రదేశ్ 2014లో కుటుంబానికి లక్షన్నర వరకు, తెలంగాణ 2014లో లక్ష వరకు, 2024లో 2 లక్షల వరకు మాఫీ చేపట్టినవి.

మాఫీ వలన కలిగే మేలును తీసిపారేయరాదు. కరువు వెనుక కరువు తగిలిన ఇంటికి అది ఊపిరి. కాని దివాలా చట్టానికీ మాఫీకీ ఉన్న తేడా ముఖ్యమైనది. దివాలా విచారణలో ఒక్కొక్క మనిషి అప్పులన్నిటినీ, ఆస్తులన్నిటినీ కలిపి చూస్తారు. మాఫీ ఒక తేదీని, ఒక రకపు ఖాతాను మాత్రమే చూస్తుంది. ఆ తేదీకి వారం ముందు నగలమ్మి బాకీ కట్టిన రైతుకు ఏమీ దక్కదు. కౌలుదారునికి ఖాతాయే ఉండదు. ఎరువుల కొట్టువాని అరువు, ఊరి పెద్ద వద్ద తెచ్చిన ధాన్యపు అప్పు మాఫీలోకి రావు. తెలంగాణ పల్లెలలో నాగు అని, ఉత్తరాదిలో సవాయి అని పిలిచే ఈ ధాన్యపు వడ్డీ కాగితాలకెక్కదు. రుణగ్రస్తునికి కాక రుణానికి ఉపశమనం కలుగుతున్నది.

జాతీయ నమూనా సర్వే 77వ విడత ప్రకారం 2019లో దేశంలో వ్యవసాయ కుటుంబపు సగటు అప్పు 74,121 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో అది 2,45,554 రూపాయలు. ఛత్తీస్‌గఢ్ సగటు దేశ సగటుకు కూడ చాలా దిగువన ఉన్నది. అప్పు తక్కువ గనుక బాధ తక్కువ అని దీనికి అర్థం చెప్పరాదు. పరపతి అందనిచోట అప్పు అంకె చిన్నదిగానే కనబడుతుంది. ఆదాయం, ఆస్తి కూడ చిన్నవైనప్పుడు 20,000 రూపాయల అప్పు 2 లక్షల అప్పంత బరువు కాగలదు.

గిరిజన ప్రాంతాల విషయం ప్రత్యేకంగా పరిశీలించవలసినది. మన 1/70 చట్టం వలెనే, ఇక్కడి భూమి రెవెన్యూ స్మృతిలోని 165వ సెక్షను గిరిజనుల భూమి గిరిజనేతరులకు చేరకుండా నిరోధిస్తుంది. అప్పుకు భూమి పోకుండా ఇది కాపాడుతున్నది. అయితే భూమిని పట్టుకోలేని వడ్డీ వ్యాపారి పంటను, కూలిని పట్టుకొంటాడు. అటువంటి చోట బ్యాంకు శాఖ దూరమైన కొద్దీ వడ్డీ వ్యాపారి దగ్గరవుతాడు.

జీతగాని రుణం: రాయపూర్, భిలాయి

1931లో రాయపూర్–విజయనగరం రైలు మార్గం పూర్తయినది. 1955లో సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరి భిలాయి ఉక్కు కర్మాగారం ఏర్పడినది. ఈ రెండు దారులలో ఉత్తరాంధ్ర నుండి వచ్చిన తెలుగు కుటుంబాలు రాయపూర్ రైల్వే కాలనీలలోనూ, భిలాయిలోనూ తరాలుగా స్థిరపడినవి. వీరి అప్పు పంట అప్పు కాదు. ఆడపిల్ల పెండ్లి, ఆసుపత్రి ఖర్చు, స్వగ్రామంలో ఇంటి కప్పు, కొడుకు చదువు మొదలైనవాటికి తెచ్చిన అప్పు. ఏ మాఫీ ప్రకటన కూడ వీరి గుమ్మం ఎక్కదు.

జీతం బ్యాంకులో పడే రోజులు వచ్చిన తరువాత వడ్డీ వ్యాపారి కొత్త హామీలు కనిపెట్టినాడు. పాస్‌బుక్కు, ఏ.టి.ఎం. కార్డు, సంతకం చేసిన ఖాళీ చెక్కులు అతని వద్ద ఉంటవి. నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీతో 50,000 తెచ్చినవాడు నెలకు 2,500 చొప్పున కడుతూ పోతే, 20 నెలలకు అసలంత సొమ్ము వడ్డీగా చెల్లిస్తాడు. అసలు చెక్కు చెదరదు. సాలుకు ఇది 60 శాతం. అదే కాలంలో కిసాన్ క్రెడిట్ కార్డుపై పంట రుణం 7 శాతానికి, గడువులో చెల్లించిన వారికి 4 శాతానికి లభిస్తున్నది. ఖాళీ చెక్కు అన్నిటికంటె ప్రమాదకరం. అది చెల్లకపోతే క్రిమినల్ కేసు అవుతుంది. దివాలా కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వు ఆ కేసును ఆపదు.

సివిల్ ప్రొసీజర్ స్మృతి 60వ సెక్షను కల్పించిన రక్షణ చాలమందికి తెలియదు. మనోవర్తి డిక్రీలు తప్ప మిగిలిన డిక్రీల విషయంలో జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు జప్తుకు లోబడవు. ఉదాహరణకు జప్తు లెక్కకు వచ్చే జీతం 19,000 అనుకొంటే 6,000 మాత్రమే జప్తు చేయవచ్చును. అదియును మొత్తం 24 నెలలు మించరాదు. భవిష్యనిధి సొమ్ము, జీవిత బీమా పాలసీ సొమ్ము, చేతివృత్తుల వారి పనిముట్లు, సేద్యగాని పశువులు, పరికరాలు కూడ జప్తుకు అతీతం. ఈ రక్షణ డిక్రీ పొందిన వారిపైనే పనిచేస్తుంది. ఏ.టి.ఎం. కార్డును చేతిలో పెట్టుకొన్న వానికి డిక్రీతో పని లేదు. అతడు మొత్తం జీతం తీసుకొని, మిగిలినది దయతలచి ఇస్తాడు. కోర్టు కంటె వడ్డీ వ్యాపారి కఠినుడని జీతగాడు గ్రహిస్తే సగం భయం తీరుతుంది.

తెరుచుకోని తలుపు

2016లో పార్లమెంటు దివాలా స్మృతిని ఆమోదించినది. కంపెనీల విషయంలో అది అమలులోకి వచ్చి ఎంతో చర్చకు పాత్రమైనది. వ్యక్తులకు సంబంధించిన మూడవ భాగం మాత్రం, కంపెనీలకు హామీ ఉన్న వ్యక్తుల మేరకే 2019 డిసెంబరు 1 నుండి అమలైనది. సామాన్యునికి 1920 చట్టమే దిక్కుగా మిగిలినది.

అమలుకాని ఆ భాగంలో బీదవాని కొరకు "సరికొత్త ఆరంభం" అనే ప్రక్రియ కలదు. వార్షికాదాయం 60,000 మించనివారు, ఆస్తి 20,000 మించనివారు, అర్హమైన అప్పులు 35,000 మించనివారు, సొంత ఇల్లు లేనివారు దరఖాస్తు చేసుకోవచ్చును. దరఖాస్తు అంగీకరించిన పిదప 180 రోజులు అప్పులవారి చర్యలు నిలిచిపోతవి. విచారణ ముగిసిన తరువాత అర్హమైన అప్పు రద్దవుతుంది. తాకట్టు అప్పు, విద్యారుణం, మనోవర్తి, కోర్టు జరిమానా దీని పరిధిలోకి రావు.

ఆశయం ఉదాత్తమైనదే. కాని రెండు చిక్కులు కనబడుతున్నవి. మొదటిది పరిమితి. 2016లో వ్రాసిన 35,000 రూపాయల హద్దు, పైన పేర్కొన్న దేశ సగటు అప్పులో సగం కూడ కాదు. రెండవది దూరం. వ్యక్తుల దివాలాకు న్యాయాధికారం రుణ వసూలు ట్రిబ్యునలుకు ఇచ్చినారు. ఛత్తీస్‌గఢ్‌కు ఆ ట్రిబ్యునలు జబల్‌పూర్‌లో ఉన్నది. బస్తర్‌లోని జగదల్‌పూర్ నుండి రాయపూర్‌కే సుమారు 300 కిలోమీటర్లు. జబల్‌పూర్ ఇంకా ఎంతో ముందుకు. 35,000 అప్పు తీర్చలేనివాడు ఆ ప్రయాణం చేయగలడని ఆశించడం న్యాయం కాదు. ఈ భాగాన్ని అమలు చేసేనాడు జిల్లా స్థాయిలోనే దరఖాస్తు స్వీకరించే ఏర్పాటు, కాలానుగుణంగా పరిమితుల సవరణ అవసరం. 1933 నాటి రాజీ బోర్డులు రైతు దగ్గరకు వెళ్లినవి. నేటి ట్రిబ్యునలు రైతును తన దగ్గరకు రమ్మంటున్నది.

శాఖాస్థాయిలో చేయదగినవి

చట్టం మారేవరకు క్షేత్రాధికారి చేతులు ముడుచుకొని కూర్చుండనవసరం లేదు.

మొదటిది, అప్పులన్నిటినీ ఒకే కాగితంపై వ్రాయించడం. బ్యాంకు బాకీ, సంఘం బాకీ, చీటీ, కొట్టు అరువు, చేబదులు, బంగారం కుదువ అన్నీ వడ్డీ రేటుతో సహా వ్రాస్తే, ఏది ముందు తీర్చాలో ఖాతాదారునికే తెలుస్తుంది. బ్యాంకు బాకీ వసూలు చేసుకొనే ఆతురతలో అతనిని అధిక వడ్డీ వైపు నెట్టడం వివేకం కాదు. అట్లా తెచ్చి కట్టిన సొమ్ము ఈ సంవత్సరం వసూళ్ల పట్టికలో కనిపించి, మరుసటి సంవత్సరం మొండి బకాయిగా తిరిగి వస్తుంది.

రెండవది, ప్రకృతి వైపరీత్యం సంభవించిన వెంటనే రుణ గడువు పొడిగింపుకు కాగితాలు సిద్ధం చేయడం. ఖాతా మొండిబారిన తరువాత చేసే సహాయం కంటె ముందు చేసే సహాయం చౌక.

మూడవది, లోక్ అదాలత్. 1995 నవంబరు 9 నుండి అమలులో ఉన్న న్యాయ సేవల చట్టం కింద ఇక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. కోర్టులో ఉన్న కేసుకు కట్టిన రుసుము వాపసు వస్తుంది. అయితే రాజీ మొత్తం ఖాతాదారుని శక్తికి తగినదై ఉండాలి. అదాలత్ రోజున సంఖ్య కొరకు ఒప్పించి, వాయిదా కట్టలేక తిరిగి డిక్రీ అమలుకు వెళ్లడం ఉభయులకూ నష్టం. రాజీ వలన రుణ చరిత్రలో పడే గుర్తును గురించి కూడ ముందుగానే చెప్పాలి.

నాల్గవది, వసూలు మర్యాద. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు ఆదేశాల ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత బాకీదారునికి ఫోను చేయరాదు. 2022 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన సూక్ష్మరుణ నిబంధనలు, కుటుంబపు నెలసరి ఆదాయంలో వాయిదాలన్నీ కలిసి సగం మించరాదని చెబుతున్నవి. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల తీరు ఎటువంటి విషాదాలకు, ఆ అక్టోబరులో ఆర్డినెన్సుకు దారితీసినదో మరువరానిది. ఒక ఇంటికి నలుగురు రుణదాతలు కలిసి మోయలేనంత అప్పు ఇచ్చి, విడివిడిగా వచ్చి వసూలు చేసిన ఫలితమది.

ముగింపు

అప్పు తీర్చలేనివారు రెండు రకాలు: తీర్చగలిగి తీర్చనివారు, తీర్చదలచి తీర్చలేనివారు. 1920 చట్టం గాని, 1933 నాటి రాజీ బోర్డులు గాని, 2016 స్మృతి గాని ఈ రెంటినీ వేరు చేయడానికే ప్రయత్నించినవి. ఆ విభజన కోర్టు కంటె ముందుగా చేయగలిగినవాడు పొలం గట్టును, ఇంటి పొయ్యిని స్వయంగా చూసిన క్షేత్రాధికారియే. మొదటి రకం వారిపై చట్టాన్ని నిర్దాక్షిణ్యంగా అమలు చేయాలి. రెండవ రకం వాడు బకాయి నోటీసు చేత పట్టుకొని శాఖకు వచ్చిన రోజున అతనికి కుర్చీ చూపి, కాగితం, కలం తీసి, లెక్క మొదటి నుండి వ్రాయాలి. బ్యాంకు సొమ్ము తిరిగి వచ్చే దారి కూడ ఆ లెక్కలోనే ఉన్నది.